చీమను వేసిన పాలు

మా అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆవిడ మీద కోపం మాత్రం నా దగ్గర ఇంకా పచ్చిగానే ఉంది.

యుద్ధం రోజులు. మాచర్ల పక్కనున్న వెల్దుర్తిలో మా అమ్మ దగ్గర పురుడు పోసుకుని, మూడో నెలలో కొడుకుని ఎత్తుకుని నరసరావుపేట పక్కనున్న అత్తారింటికి వచ్చాను. పుట్టింట్లో పాడి లేదు. జొన్నన్నం, కందిపచ్చడి తినే పాలిచ్చాను, పిల్లాడు బొద్దుగా ఉన్నాడు. మా అత్తకి రెండు గేదెలు, వాటికంటే పెద్ద గర్వం. "పాలు తాగితేనే పాలు పడతయ్యే," అంటూ పూటకో చెంబు పాలు, అన్నంలోకి గడ్డపెరుగు. నేనూ ఆశగానే తాగాను, అబద్ధమెందుకు.

పది రోజులు తిరక్కుండానే పిల్లాడి విరేచనంలో జిగురు, తర్వాత నెత్తురు చారలు. బుగ్గలు గరుకెక్కి ఎర్రబడ్డాయి. పాలు తాగినప్పుడల్లా కాళ్లు ముడుచుకుని ఏడ్చేవాడు. అత్త నలుగురు అమ్మలక్కల్ని వసారాలోకి పిలిచి, ఉగ్గుగిన్నె నా చేతికిచ్చి పాలు పిండమంది. అందులో ఒక చీమను వేసింది. బతికి బయటికొస్తే మంచి పాలు, చస్తే విషప్పాలు. అదీ ఆవిడ పరీక్ష. గిన్నెలో సగానికి పాలుంటే చీమ ఏం ఈదుతుంది? చచ్చింది.

"చూశారుగా! కన్నతల్లే బిడ్డకి విషం పోస్తంది," అంది అత్త. నా మొగుడు అక్కడే నిలబడి తల దించుకున్నాడు.

పదకొండు రోజులు బిడ్డను నా దగ్గరికి రానివ్వలేదు. గేదె పాలే పోసింది. చారలు కాస్తా నెత్తురే అయ్యాయి. నేను పెరట్లోకి పోయి, రాయిలా గట్టిపడ్డ రొమ్ముల్లోంచి పాలు గోడకేసి పిండేదాన్ని. ఆ తడికి చీమలు బారులు కట్టేవి. తాగి వెళ్లేవి, మళ్లీ వచ్చేవి. ఒక్కటీ చావలేదు. పన్నెండో రోజు బిడ్డను చంకనేసుకుని, ఎవరికీ చెప్పకుండా మాచర్ల రైలెక్కాను.

మా అమ్మ వాణ్ణి నా ఒళ్లో పెట్టి "ఇయ్యి," అంది, అంతే. మళ్లీ జొన్నన్నం, పచ్చడి. రెండు వారాల్లో నెత్తురు ఆగిపోయింది. అప్పుడు పక్కింటి పిన్ని జున్ను తెస్తే ఇంత ముక్క తిన్నాను. మర్నాటికల్లా గుడ్డ మీద మళ్లీ చార. అమ్మ ఆ గుడ్డ చూసింది, జున్ను గిన్నె చూసింది.

"నీ పాలకేం కాలేదే. నువ్వు తినే పాడి వాడికి పడట్లా. వాడు నడిచిందాకా పాలు, పెరుగు, నెయ్యి ఏదీ ముట్టబాక," అంది.

ముట్టలేదు. వాడు బతికాడు.

నడక వచ్చాక వాణ్ణి తీసుకుని తిరిగొచ్చాను. ఊళ్లో "విషప్పాల మనిషి" అన్న పేరు నాకోసం కాచుకుని ఉంది. ఎవరూ తమ పసిపిల్లల్ని నా చేతికిచ్చేవాళ్లు కాదు. నేను నోరు మూసుకుని ఎదురుచూశాను.

మరుసటేడు ఆడబిడ్డ పురిటికొచ్చింది. అదే చెంబు, అదే గడ్డపెరుగు. నెల తిరిగేసరికి ఆమె కూతురికీ నెత్తురు చారలు. అత్త ఆ గుడ్డ పట్టుకుని నా దగ్గరికొచ్చి, "నువ్వేం జేశావో చెప్పవే తల్లీ," అంది. నన్ను తల్లీ అనడం అదే మొదలు.

"చెప్తా. ముందు ఆ నలుగుర్నీ పిలువత్తా. ఉగ్గుగిన్నెలో నీ గేదె పాలు పొయ్యి."

వాళ్లు వచ్చారు. చీమను అత్త చేతే వేయించాను. లోపల పసిది గుక్కపట్టి ఏడుస్తోంది. చీమ కాసేపు కాళ్లు కొట్టుకుంది, గుండ్రంగా తిరిగింది, ఆగిపోయింది.

"నీ గేదెవీ విషప్పాలేనా అత్తా?"

అత్త మొహం చూసి కడుపు నిండింది. అప్పుడు చెప్పాను. ఆడబిడ్డ పాడి మానేసింది, పసిది కోలుకుంది.

ఆ పసిదే ఇప్పుడు నా కోడలు. ఈ సంగతి ఎవరో చెబితే విని మొన్న అడిగింది: "నేనట్టా ఏడుస్తంటే చీమ చచ్చిందాకా కూర్చున్నావా అత్తా?"

"కూర్చున్నా," అన్నాను. "నీ మొగుడు పదకొండు రోజులు ఏడ్చాడు."