టేపులో ఆయన, మైకు ముందు నేను

దుబాయి పోవద్దని పాట కట్టి ఊరూరా పాడిన మనిషే దుబాయి పోయాడు. ఇదేం విడ్డూరమని జగిత్యాల బస్టాండులో నన్ను నిలబెట్టి అడిగినవాళ్లున్నారు. వాళ్లకేం చెప్పాలి? మా ఆయన పొట్ట చేత పట్టుకొని పోయిన మనిషి. పాటను పారేసి పోలేదు, నాకు ఒప్పజెప్పి పోయాడు. ఆ సంగతి తెలియనివాళ్లతో మాటలెందుకని బస్సెక్కేదాన్ని.

నేను సిరిసిల్లలో సాంచల మధ్య పుట్టాను. కరెంటు మగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. పొద్దంతా వాడకట్టు మొత్తం టకటకలాడుతుంటే అన్నానికి పిలవాలన్నా అరవాల్సిందే. నా గొంతు అక్కడే తయారైంది. ఆయనది మల్యాల దగ్గర పల్లె, కల్లు గీసే ఇల్లు. తాటిచెట్టు ఎక్కడం నేర్పిస్తే సగంలో ఆగి పాట కట్టుకునేవాడట. వాళ్ల నాయన విసిగిపోయి ఇక దిగమన్నాడట. పాటలు పాడేవాళ్లతో కలిసి మా వాడకు వచ్చినప్పుడు మొదటిసారి నేను ఆయనతో మాట్లాడాను. "ఎందుకు తిడుతున్నవ్, నేనేమన్న?" అన్నాడు. నేను అడిగింది మంచినీళ్లు కావాలా అని.

పెళ్లయ్యాక ఇద్దరం కాళ్లకు బలపం కట్టుకొని తిరిగాం. కోరుట్ల, మెట్‌పల్లి, వెల్గటూర్, మళ్లీ సిరిసిల్ల. రైతుల సభయినా, బీడీలు చుట్టే ఆడవాళ్ల సభయినా మమ్మల్నే పిలిచేవాళ్లు. ఆయన పాట ఎత్తుకుంటాడు, నేను అందుకుంటాను. అందరూ అడిగి పాడించుకునేది ఆలుమగల పాట. దేశం పోతున్న మొగుడు ఒక మాట అంటాడు, పెళ్లాం ఒక మాట అంటుంది.

"ఎడారి దేశం పోతనే పిల్లా, ఏమి తేను నీకు" అని ఆయన.

"ఏమొద్దు గానీ పోకుర మామా, ఎదురుంగ ఉండు నాకు" అని నేను.

ఆ మాట దగ్గర ముసలమ్మలు ముక్కు చీదుకునేవాళ్లు. మేము మాత్రం వెనక్కి తిరిగి నవ్వుకునేవాళ్లం. మాకేం తెలుసు అప్పుడు.

తర్వాత కాలం కాలేదు, వానలు పడలేదు. బోర్లు ఎండిపోయాయి, పసుపు అమ్ముకున్నవాళ్ల మొహాల్లో కళ లేదు. సిరిసిల్లలో సాంచలు ఆగిపోయి, మా డప్పు వాయించే ఆయన బొంబాయి దగ్గరి భీవండికి బతకపోయాడు. సభలు పెట్టే వాళ్లు లేరు, పెట్టినా మాకు చాయ తాగించి పంపేవాళ్లు. ఒకరోజు ఆయన, "పోతనే" అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు.

"మరి మన పాట ఏంగావాలె?" అన్నాను.

"పాట అన్నం పెడ్తలేదు గదనే."

ఆయన బస్సెక్కే పొద్దు సంచి సర్ది నేనే చేతికిచ్చాను. ఇంత నోరున్నదాన్ని, పోవద్దని వెయ్యిమంది ముందు పాడినదాన్ని, ఆ పొద్దు నా మొగుడికి ఆ మాట చెప్పలేకపోయాను. పోకుంటే తినేదేముంది? ఆయన మళ్లీ వచ్చి నా పక్కన నిలబడి ఆ పాట ఎత్తుకోవాలి. అప్పటినుంచి నేను దేవుణ్ని అడిగింది అదొక్కటే. బంగారం అడగలేదు, మేడ అడగలేదు.

ఫోన్లు లేని కాలం. దుబాయిలో ఉన్నవాళ్లు క్యాసెట్ నింపి, ఊరికొచ్చేవాళ్ల చేతికిచ్చి పంపేవాళ్లు. ఇంటిల్లిపాదీ టేపు చుట్టూ కూర్చొని వినేవాళ్లం. ఆయన పంపిన క్యాసెట్లో ముందు అందరి మంచీచెడూ అడిగాడు, ఎడ్లను కూడా అడిగాడు. చివరికి పాట మొదలుపెట్టాడు. తన మాట పాడి ఆగిపోయాడు. టేపులో ఫ్యాను తిరిగే చప్పుడు, ఎవరిదో దగ్గు. తర్వాత మళ్లీ తన రెండో మాట.

"ఆగిండేంది బిడ్డా? క్యాసెట్ గిట్ల ఖరాబైందా?" అన్నది మా అత్తమ్మ.

ఖరాబు కాలేదు. టేపు వెనక్కి తిప్పమని, పొయ్యి దగ్గర నుంచే నా మాట అందుకున్నాను. నా మాట అయిపోగానే సరిగ్గా ఆయన మాట వచ్చింది. నాకు ఎంత జాగా కావాలో అంత జాగా వదిలి పాడాడు ఆ మహానుభావుడు, అంత దూరంలో కూర్చొని. చారు పొంగి పొయ్యిలో పోయింది, పోనీ అనుకున్నాను.

ఆ టేపును సంచిలో వేసుకొని మెట్‌పల్లి సభకు పోయాను. బీడీల ఆడవాళ్ల సభ అది. మైకు ముందు స్టూలు వేసి, దాని మీద టేపు పెడితే అందరూ నవ్వారు.

"అక్కా, బావను డబ్బల వెట్టుకొని తెచ్చినవా?" అని ఒకామె.

"మీ ఆయన దుబాయి పోయి ఫోటోల ఉన్నడు, మా ఆయన డబ్బల ఉన్నడు. ఫరక్ ఏమున్నదే?" అన్నాను.

పాట నాలుగు మాటలు నడిచేసరికి నవ్వులు లేవు. బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. ఆ చేతులు ఆగడం చిన్న సంగతి కాదు, పెళ్లి పందిట్లో కూడా చాట ఒళ్లో పెట్టుకొని చుట్టే మనుషులు వాళ్లు. ఆ తర్వాత నన్ను పిలిచిన ప్రతిచోటా, "టేపు తెస్తవు గదక్కా" అని అడిగేవాళ్లు. అట్లా నేను పేరున్న పాటగత్తెనయ్యాను. పేరొచ్చింది, మనిషి రాలేదు.

ఎందుకు రాలేదంటే, ఆయన ఖల్లివెల్లి అయ్యాడు. జీతమియ్యని కంపెనీని విడిచిపెట్టి, కాయిదాలు లేకుండా దొంగచాటుగా బతికేవాణ్ని అక్కడ అట్లా అంటారు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. దొరికితే జైలు, దొరక్కుంటే రాళ్లు కోసే మిషను దగ్గర పని. కాయిదాలు లేనివాళ్లకు అక్కడి సర్కారు మాఫీ ఇచ్చి పంపుతుందట అని ఎవరో అంటారు, మా అత్తమ్మ గోడలకు సున్నం వేయిస్తుంది. ఆ మాట నీరుగారిపోతుంది. ఎదురుచూసి నా కళ్లు కాయలు కాశాయి.

టేపులో ఆయన మాత్రం మారలేదు. ప్రతి సభలో అదే లేత గొంతుతో ఏమి తేను నీకు అని అడుగుతూనే ఉన్నాడు. నేనే మారాను. నా మాటలు నేనే కట్టుకోవడం మొదలుపెట్టాను. "తెచ్చినకాడికి చాలుర మామా, తొవ్వ పట్టు ఇంటికి" అని ఒకసారి. "నీ మొఖమొక్కటి తెచ్చుకో మామా, నేనేమి అడుగ నిన్ను" అని ఇంకోసారి. ఎంత తిట్టి పాడినా, ఎంత ఏడ్చి పాడినా ఆయన తన లెక్క ప్రకారం ఆగి, తన లెక్క ప్రకారం ఎత్తుకునేవాడు. ఒక్కోసారి ఆ డబ్బాను నేలకేసి కొట్టాలనిపించేది. ఇంటికి రాగానే కొంగుతో దుమ్ము తుడిచి బట్ట కప్పేదాన్ని.

చివరికి మాఫీ వచ్చింది, మనిషి వచ్చాడు. జగిత్యాలలో బస్సు దిగిన ఆయన నా కంటికి ఆనలేదు. అంత చిన్నగా అయిపోయాడు. రాతిపొడి మింగి మింగి గొంతు గరగరలాడుతోంది. పాడమని అడిగితే "ఆగు, ఆగు" అనేవాడు. నాకు ఆగే ఓపిక ఇక ఎక్కడిది? కోరుట్లలో పొద్దున జరిగే ఒక సభకు ఇద్దరం వస్తున్నామని మాటిచ్చాను. ఆయన కోపానికొచ్చాడు, అయినా అంగీ ఇస్త్రీ చేయించుకొని వచ్చాడు.

టేపు తేవద్దనే అనుకున్నాను. చెయ్యి ఊరుకోక సంచిలో వేసుకుంది.

ఇద్దరం మైకు ముందు నిలబడ్డాం. ఆయన ఎత్తుకున్నాడు. "పిల్లా" దగ్గర గొంతు చీలిపోయింది. దగ్గొచ్చింది. మళ్లీ ఎత్తుకున్నాడు, మళ్లీ అక్కడే తెగింది. జనం పాపం ఓపిక పట్టారు. వెనక నుంచి ఒకామె, మనసులో చెడేమీ లేకుండానే, "అక్కా, టేపు వెట్టరాదు. గదే మంచిగుంటది" అన్నది.

నాకు ఒళ్లు మండింది. ఆయనే మెల్లగా అన్నాడు. "వెట్టు. నేను గూడ ఇంట."

దిగిపోయి జనంలో కూర్చున్నాడు. నేను టేపు పెట్టాను. ఆ లేత గొంతు వచ్చింది, నేను అందుకున్నాను, అందరి ముఖాలూ విప్పారాయి. ఆయన కూడా ఎవరో పరాయివాడి పాట విన్నట్టు తల ఊపుతున్నాడు. అది చూడలేకపోయాను. పాట సగంలో ఉండగానే టేపు ఆపేశాను.

"మిగిలింది నువ్వు పాడు" అన్నాను మైకులోనే.

"నా గొంతు అంత మీదికి పోతలేదే" అన్నాడు కూర్చున్నచోటు నుంచి.

"మీదికి రాకు. నేనే కిందికి దిగి పాడుత."

అట్లాగే పాడాం. సాంచల మీద పెరిగిన గొంతును అంత కిందికి దించడం నాకు చేతులు కట్టేసినట్టే ఉండింది. పాట బాగా రాలేదు. కొందరు లేచి పోయారు. టేపే బాగుండేదంటే నేను కాదనను. కానీ చివరిదాకా పాడాం.

తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. సంతోషపడ్డానంటాడేమోనని నేను ఎదురుచూస్తున్నాను.

"నన్ను చూసి పాడలే నువ్వు" అన్నాడు. "టేపు బందువెట్టినంక గూడ గా డబ్బ దిక్కే చూసినవ్."

లేదని ఒట్టు పెట్టబోయి ఆగిపోయాను. నిజమే. ఆయన ఎడమ పక్క జనంలో కూర్చొని పాడుతుంటే, నేను స్టూలు మీది డబ్బాను చూస్తూ మొగుడికి జవాబిచ్చాను. ఇన్నేళ్లు ఎవరి కోసం ఏడ్చానో ఆయన వచ్చి కూర్చుంటే నాకు కనబడలేదు.

"గట్లనే అయితది తియ్" అన్నాడు, నన్ను ఓదారుస్తున్నట్టు. "నేను గా క్యాసెట్ నింపినప్పుడు గోడ దిక్కు చూసుకుంట పాడిన. ఎంత గుర్తు చేసుకున్నా నీ మొఖం యాదికి రాకపాయె."

"ఇప్పుడు చూడు మరి" అన్నాను. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన కిటికీ దిక్కు నుంచి నా దిక్కు ముఖం తిప్పడానికి చాలాసేపు పట్టింది.