తుపాను కోసం విప్పించిన షామియానా

ఒక్క చుక్క వాన పడకుండా ఒక గల్లీ మొత్తాన్ని ముంచిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే.

అప్పుడే నాకు వాతావరణ కార్యాలయంలో గుమస్తా ఉద్యోగం వచ్చింది. నా పని సెలవు చీటీలు ఫైళ్లలో పెట్టడం. లాల్‌దర్వాజాలో నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు అండాలమ్మకు ఆ తేడా పట్టలేదు. "మా మేడమీది పిల్లగాడు తుపాన్ల ఆఫీసరు" అని గల్లీ అంతా చెప్పుకుంది. నేనూ కాదనలేదు. మీరైతే కాదంటారా?

ఆమె కొడుకు పెళ్లి దావత్ రోజు టెంట్‌హౌస్ సలీం భాయ్ గల్లీ పొడుగునా షామియానా వేశాడు. ఆ పొద్దునే ఆఫీసు తెర మీద తుపాను పటం చూశాను. బంగాళాఖాతంలో చిన్న చుక్క. అక్కడి నుంచి గరాటులా వెడల్పవుతూ వచ్చి, చివరికి తెలంగాణ మొత్తాన్ని కప్పేసింది. చుక్కంత తుపాను మన దాకా వచ్చేసరికి రాష్ట్రమంత అవుతుందన్నమాట! ఎవరినైనా అడగొచ్చు కదా అంటారా? ఆఫీసరు ఎక్కడైనా అడుగుతాడా! సగం పూట సెలవు పెట్టి ఇంటికి పరుగెత్తాను.

"అమ్మా, షామియానా విప్పించుండ్రి! తుపాను మన దాక వచ్చేసరికి రాష్ట్రమంత అయితది, సాయంత్రానికి గాలివాన ఖాయం!"

అండాలమ్మ మొహం పాలిపోయింది. "ఏంది బిడ్డా గట్లంటవ్? కోడలి తరఫోళ్ల ముంగట నా ఇజ్జత్ ఏమైతది?"

సలీం భాయ్ ఆకాశం వైపు చూశాడు. "సాబ్, ఎండ మస్తుగ కొడుతుంది. పక్కానా?"

"తుపాను నిన్ను అడిగి వస్తదా భాయ్?"

విప్పేశారు. చుట్టాలను గల్లీలోని ఇళ్లలో కుక్కారు. వియ్యపురాలు వంటింట్లో గ్యాసు సిలిండర్ పక్కన. పెళ్లికొడుకు, పెళ్లికూతురు నా గదిలో, నా మంచం మీద. మే నెల ఉక్కలో బిర్యానీకీ చుట్టాలకూ ఒకటే దమ్ము. బయట ఆకాశం కడిగిన అద్దంలా ఉంది.

అంతలో మా సారు వచ్చారు. ఆ పటాలు గీసే అసలు శాస్త్రవేత్త. గొప్ప కోసం నేనే పిలిచాను.

"ఆరుబయట అంత చోటుండగా ఇట్లా లోపల కూర్చున్నారేంటమ్మా?" అన్నారు చెమట తుడుచుకుంటూ.

"మీ ఆఫీసే చెప్పింది గద సారూ, తుపాను మన దాక వచ్చేసరికి రాష్ట్రమంత అయితదని!" అంది అండాలమ్మ.

సారు నావైపు తిరిగారు. "ఆ గరాటు తుపాను కాదయ్యా. తుపాను అందులో ఎటైనా పోవచ్చని అర్థం. ముందు రోజులకు లెక్క వేసేకొద్దీ ఎటు పోతుందో మాకే సరిగ్గా తెలీదు, అందుకే అంత వెడల్పు. అది మా అనుమానం."



"అంటే," అంది అండాలమ్మ మెల్లగా, "మీ అనుమానానికి నా షామియానా ఇప్పిచ్చిండా వీడు?"

గది ఖాళీ చెయ్యమంటుందని బిక్కచచ్చిపోయాను. ముందు పెళ్లికూతురు నవ్వింది. తర్వాత వియ్యపురాలు పొట్ట పట్టుకుని నవ్వింది. సలీం భాయ్ తిట్టుకుంటూనే గల్లీలో జంఖానాలు పరిచాడు. అందరూ ఆరుబయట కూర్చుని మళ్లీ తిన్నారు. అండాలమ్మ నా పళ్లెంలో ఇంకో ముక్క వేసి, "తిను బిడ్డా, పొద్దటి నుంచి మస్తు ఆగమైనవ్" అంది. నాకు ఏడుపొచ్చింది. అంత మంచిదాన్ని అంత ఉక్కలో కుక్కానే అని!

మర్నాడు పొద్దున మెట్ల దగ్గర ఆమే ఎదురైంది, బకెట్ నిండా తడిబట్టలతో.

"బిడ్డా, ఇయ్యాల ఇవి ఆరేయొచ్చా?"

ఆకాశం గురించి ఈ నోటితో అవునని గానీ కాదని గానీ అననని, నా మంచం మీద చెమటలు కక్కిన ఆ కొత్త దంపతుల సాక్షిగా అక్కడికక్కడే శపథం చేశాను. ఆమె మాత్రం బకెట్ కింద పెట్టకుండా నా జవాబు కోసం అట్లాగే నిలబడింది.