బీషియా అక్క విమానంలో జనం ఎందుకు లేచారు

“ఈసారి ఎవరైనా కిందపడ్డారంటే నన్నిక నేల మీదే కూర్చోబెడతారు చెల్లీ. టికెట్ల బల్ల వెనక. నాకు విమానం కూలుతుందన్నా అంత భయం లేదు, ఆ బల్లంటేనే భయం.”

జపానులోని ఫుకువోకా విమానాశ్రయంలో ప్రయాణికులు ఎక్కడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. విమానం వెనక వంటగదిలో కాగితపు గ్లాసులు సర్దుతూ యెన్ బీషియా ఈ మాట అంది. వింటున్నది త్యెన్ వాన్‌జూ. తైవాను విమాన కంపెనీలో, భద్రతా విభాగంలో చిన్న ఉద్యోగి. చేతిలో లెక్కల పుస్తకం, భుజాన పెద్ద సంచీ. “ఈసారి దొరుకుతుందక్కా కారణం” అంది. నాలుగు ప్రయాణాలుగా ఆమె అదే మాట అంటోంది.

బీషియాకి యాభై ఒకటి. విమాన సిబ్బందికి పెద్ద. ఇరవై ఏడేళ్లుగా గాల్లోనే బతుకు. తైవానులో బుదాయ్ తీరాన ఆల్చిప్పలు పెంచే ఇంట్లో పుట్టింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే చాకు పుచ్చుకుని చిప్పలు విప్పడమే పని. “మా ఊళ్లో పెళ్లికూతురికి సెంటు పూసినా ఆల్చిప్ప వాసనే వచ్చేది. ఆ వాసన అందనంత ఎత్తుకి వెళ్లిపోవాలనుకున్నా, వెళ్లిపోయా” అని నవ్వుతుంది. పెళ్లి జోలికి పోలేదు. మనిషి సంచీని పై అరలో పెట్టే తీరు చూసి, ఇతను కోపిష్టి, ఈమె ఏడుపు ఆపుకుంటోంది అని చెప్పేస్తుంది. అలాంటి మనిషికి నాలుగు నెలల్లో రెండు హెచ్చరిక కాగితాలు వచ్చాయి. విమానం నేలకి దిగి, ఇంకా పరుగెడుతుండగానే ఆమె ప్రయాణికులు లేచి నిలబడుతున్నారు. పదకొండుసార్లు జరిగింది. పోయిన నెల ఒక ముసలావిడ పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. మూడో కాగితం వస్తే టికెట్ల బల్లే గతి.

మిగతావాళ్ల విమానాల్లో జనం బుద్ధిగా కూర్చుంటున్నారు. లేచేది బీషియా విమానంలోనే.

“మీ అక్క జనాన్ని కొత్తల్లుడిలా చూస్తుంది. భయం ఉంటేగా కూర్చోడానికి?” అన్నాడు వాన్‌జూ పై అధికారి జువాంగ్. వాన్‌జూ నమ్మలేదు. ఆమె గణాంకశాస్త్రం చదువుకుంది. లెక్కకి అందనిది లోకంలో లేదని ఆమె నమ్మకం. ఇంట్లో ఏడు నెలల కూతురు ఎప్పుడు పాలు తాగింది, ఎన్ని నిమిషాలు ఏడ్చింది, ఎంతసేపు పడుకుంది అన్నీ గళ్ల పుస్తకంలో ఎక్కిస్తుంది. “పిల్లకి పేరు పెట్టావా, నంబరు పెట్టావా?” అని అత్తగారు దెప్పుతుంది. దెప్పినా రాస్తూనే ఉంటుంది. రాయకపోతే ఏదో ప్రమాదం తన కన్నుగప్పి వచ్చేస్తుందని గుబులు.

కానీ ఈ విమానం లెక్క తెగడం లేదు. వాన రోజున లేచారు, ఎండ రోజునా లేచారు. ఆడవాళ్లు, మగవాళ్లు, కిటికీ పక్కవాళ్లు, నడవా పక్కవాళ్లు, తేడా లేదు. జపాను ప్రయాణికులు మాత్రం కదలరు. లేచేది తైవాను వాళ్లే. ఇంటికి చేరుతున్న తొందరేమో అనుకుంటే, ఫుకువోకాలో దిగేటప్పుడూ లేచారు. అన్నిటికన్నా వింత ఇంకొకటుంది. లేచినవాళ్లెవరూ పై అర తెరవరు, సామాను తీయరు. చేతిలో ఏదో చిన్న వస్తువుతో నిలబడతారు. నలిపిన కాగితపు రుమాలు, నారింజ తొక్క, ఖాళీ సీసా. ఎందుకు లేచారని అడిగితే సిగ్గుపడతారు.

“ఏమోనమ్మా, ఆలస్యమైపోతోంది అనిపించింది” అన్నాడు ఏడో వరుసలో ఒక పెద్దాయన.

“దేనికి తాతగారూ?”

“అదే నాకూ తెలీడం లేదు.”

వాన్‌జూ ఆ మాట రాసుకుని పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది. ఆ పుస్తకంలో ఇప్పుడు అంకెల కన్నా ప్రశ్నార్థకాలే ఎక్కువ.

“పోనీ నువ్వు మిగతావాళ్లు చేయనిది ఏం చేస్తావక్కా?” అని ఆ రోజు అడిగింది.

“పాట పెడతాను. చక్రాలు నేల తాకగానే. మిగతావాళ్లు విమానం ఆగాక పెడతారు. ఆగాక పెడితే ఏం లాభం, వంట దించాక ఉప్పేసినట్టు. నేలకి దిగేటప్పుడే కదా జనానికి గుండె గుబగుబలాడేది. ఇరవై ఏడేళ్లుగా పాటతోనే కుదురుగా కూర్చోబెడుతున్నా. ఈ ఏడాదే ఆఫీసువాళ్లు కొత్త పాటలు తెచ్చారు, నెమ్మదైన పియానో, వెనక వాన చప్పుడు. అదీ లేకపోతే ఇంకెంతమంది లేచేవారో.”

నెమ్మదైన సంగీతం గుండె వేగం తగ్గిస్తుందని వాన్‌జూ కూడా చదివింది. అందుకని పాటను ‘మేలు చేసేవి’ అన్న గడిలో రాసింది.

విమానం తైవానులోని తావ్‌యువాన్ విమానాశ్రయం మీదికి వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. నిండా ఎండ. సిబ్బంది తమ కుర్చీల్లో పట్టీలు బిగించుకున్నారు. పదిహేడో వరుసలో నడవా పక్కన వాన్‌జూ కలం తెరిచి కూర్చుంది. చక్రాలు నేలను తాకాయి. వెంటనే పైనుంచి వాన చప్పుడు, దాని కింద పియానో, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగుతున్నట్టు. తొమ్మిదో వరుసలో ఒకామె లేచింది. పన్నెండులో ఇద్దరు. వాన్‌జూ రాసుకుంటోంది, లేదా రాసుకుంటున్నాననే అనుకుంటోంది.

“పదిహేడో వరుస ప్రయాణికులు దయచేసి కూర్చోండి” అంది మైకులో బీషియా గొంతు.

పదిహేడులో ఎవరా అని వాన్‌జూ అటూ ఇటూ చూసింది. ఎవరూ లేవలేదు. పక్కసీటు జపాను ఆయన తనవైపే చూస్తున్నాడు. తల కిందికి దించి చూస్తే నిలబడి ఉన్నది తనే, పట్టీ విప్పేసి ఉంది, కుడిచేతిలో వేరుశనగ తొక్కలు మూటగట్టిన కాగితం ఉంది. ఎడమ తుంటి పక్కకి వంగి ఉంది, అక్కడ బిడ్డను ఎత్తుకున్నట్టు. బిడ్డ ఇంట్లో ఉంది.

కూర్చుంది. పట్టీ మళ్లీ బిగించుకుంది. తన బుర్రకేదైనా అయిందా? నిద్ర చాలక ఇలా అవుతుందా? బిడ్డను ఎత్తుకుని ఉన్నప్పుడు ఇలాగే ఒళ్లు తెలియకుండా ఏదైనా చేస్తే?

అందరూ దిగిపోయాక బీషియా వచ్చి ఎదురుగా నిలబడింది. కోప్పడలేదు. “నువ్వు కూడానా?” అంది.

“తెలీదక్కా.”

“ఆ కాగితం పట్టుకుని ఎక్కడికి బయలుదేరావు?”

“కిందికి.”

“కిందికంటే?”

“వీధిలోకి. బండి వెళ్లిపోతుందని.”

“ఏ బండి?”

వాన్‌జూ తలెత్తి పైనున్న స్పీకరు వైపు చూసింది. “ఆ పాట ఇంకోసారి పెట్టక్కా.”

బీషియా పెట్టింది. వాన్‌జూ కళ్లు మూసుకుని వాన చప్పుడు కింద ఒక్కో స్వరాన్నీ ఏరుకుంది. తర్వాత వాటినే గబగబా, మూడింతల వేగంతో, కూనిరాగంగా తీసింది. బీషియా సీటు చేతి మీద కూలబడింది.

“చెత్తబండి” అంది.

తైవానులో రోజూ సాయంత్రం వీధి మలుపులో ఆ రాగం వినిపించగానే ఊరు ఊరంతా చెప్పులేసుకుని సంచులతో దిగే బండి. ఒక్క నిమిషం ఆలస్యమైతే చెత్త మర్నాటిదాకా ఇంట్లోనే. వాన్‌జూ బిడ్డను చంకనేసుకుని రోజూ దాని వెనక పరుగెడుతుంది. బీషియా ఉండే భవనంలో చెత్త సంగతి కాపలాదారే చూసుకుంటాడు. తొమ్మిదేళ్లుగా ఆమె ఆ బండి ముఖం చూడలేదు.

“నేనే లేపానన్నమాట వీళ్లందర్నీ” అంది బీషియా. “ఆ ముసలావిడని కూడా.”

జువాంగ్ వినగానే నవ్వాడు, వెంటనే నవ్వు ఆపాడు. “నివేదికలో చెత్తబండి అని రాస్తే పైవాళ్లు నన్ను ఆ బండే ఎక్కిస్తారు. రుజువు తీసుకురా.” వాన్‌జూ ఆరు ప్రయాణాలు పాట లేకుండా చేయించింది. అయిదింటిలో ఎవరూ లేవలేదు. ఆరోదానిలో ఇద్దరు లేచారు, ఒకామె చేతిలో పియర్ పండు తొడిమ ఉంది. పాటే లేదు కదా, మరి ఎందుకు? పోయినసారి విన్నది ఇంకా కాళ్లలో ఉందా? లేక పాటకీ దీనికీ సంబంధమే లేదా? తను లేచింది పాటకా, అలసటకా? వాన్‌జూకి అంతకుముందు కన్నా ఎక్కువ అయోమయం పట్టుకుంది. ముందుజాగ్రత్త అని జువాంగ్ ఆ పాట తీయించాడు. మూడో కాగితం రాయలేదు. మొదటి రెండూ దస్త్రంలోనే ఉండిపోయాయి.

బీషియా గాల్లోనే ఉంది. ఇప్పుడు చక్రాలు నేల తాకగానే పాట పెట్టదు, మైకులో తనే మాట్లాడుతుంది. “అంతకుముందు పాటలకి జనం నిజంగానే కుదురుగా ఉన్నారో, అలిసిపోయి ఊరికే కూర్చున్నారో” అంది ఒకరోజు సిబ్బంది గదిలో టీ తాగుతూ. “ఇరవై ఏడేళ్లు నేనే అనేసుకున్నా. ఒక్కర్నీ అడగలేదు.” తర్వాత వాన్‌జూ పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. “ఇందులో ఏడో వరుస తాత ఉన్నాడు, వాన ఉంది, ఎండ ఉంది. నువ్వెక్కడ? అందరితో పాటు లేచావు కదా. ఒకరి లెక్క రాసేటప్పుడు ఆ నిమిషంలో నువ్వేం చేస్తున్నావో పక్కన రాయి చెల్లీ. అది లేకపోతే సగం లెక్కే.”

ఇప్పుడు కూతురి గళ్ల పుస్తకంలో ‘అమ్మ’ అని ఇంకో వరుస చేరింది. నిన్నటి పేజీలో ఇలా ఉంది: తెల్లవారుజామున నాలుగూ పదికి పాప ఏడ్చింది. అప్పటికి అరగంటగా అమ్మ, తలుపు గడియ వేసిందో లేదో అని లేచి చూసివస్తూనే ఉంది.