గంగులప్ప గూని నయం చేసిన వైనం

మదనపల్లె నుంచి పుంగనూరు పోయే బస్సుల్లో సీటుకూ సీటుకూ మధ్య మోకాళ్ళకు చోటు వదలరు. యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిపిన బస్సుల్లోనూ ఇదే తంతు. కాకపోతే మిట్ట వచ్చినప్పుడల్లా అందరం దిగి నడిచేవాళ్ళం కాబట్టి మోకాళ్ళకు కాస్త విశ్రాంతి దొరికేది. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. నాకే ఇంత ఇబ్బంది అయితే పొడుగువాళ్ళ గతేమిటి అనుకున్నప్పుడల్లా గంగులప్ప గుర్తుకొస్తాడు.

1943లో నేను పుంగనూరులో ఒక హైస్కూల్లో డ్రిల్ మాస్టరును. బి.ఏ. పూర్తిచేసి, మద్రాసులో వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, కుప్పంలో రెండేళ్ళు పనిచేసి అక్కడికి బదిలీ అయ్యాను. బి.ఏ. చదివి ఈల ఊదడమేమిటని మా మామగారు బాధపడేవారు. ఈల ఊదడానికి బి.ఏ. ఏమీ అడ్డు రాదని ఆయనకు నచ్చజెప్పేవాణ్ణి.

గంగులప్ప ఫోర్త్ ఫారం విద్యార్థి. ఇప్పటి లెక్కలో తొమ్మిదో తరగతి. సదుం దగ్గర పల్లెవాడు, పుంగనూరులో మేనత్త ఇంట్లో ఉండి చదివేవాడు. వేసవి సెలవులకు ఊరికి పోయినవాడు ఒకడు, తిరిగి వచ్చినవాడు మరొకడు. ఆ వయసులో ముందు పాదాలూ చేతులూ పెరుగుతాయి, తర్వాత కాళ్ళు, అందరికంటే వెనక మొండెం. తన కొలతలు తనకే అంతుపట్టవు. గుమ్మం దాటబోతే తల తగులుతుంది, చెంబు ఎత్తబోతే చేయి జారుతుంది. వాడు "ప్రెజెంట్ సార్" అంటే ఒక గొంతు మొదలుపెట్టి ఇంకో గొంతు ముగించేది. తోటివాళ్ళు వాడికి కొంగ అని పేరు పెట్టారు. చదువులో మాత్రం క్లాసులో మొదటివాడు.

అంతా బాగానే ఉంది గానీ, వాడు వంగి నడిచేవాడు. మెడ ముందుకు, భుజాలు లోపలికి, మోకాళ్ళు కొంచెం మడిచి.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. వాళ్ళ నాన్న మునెప్ప ఒక షరతు పెట్టి ఉన్నాడు: కొడుకు తన చెవి దాకా ఎదిగేవరకే బడి, ఆ తర్వాత మడక. నాగలిని మా వైపు మడక అంటారు. పెద్ద కొడుకు పటాలంలో చేరిపోయాడు. ఇంట్లో ఎద్దులున్నాయి, తోలేవాడు లేడు. మునెప్ప పుంగనూరు సంతకు వచ్చినప్పుడల్లా కొడుకును ఒకసారి తేరిపార చూసి పోయేవాడు. ఇవేవీ నాకు అప్పట్లో తెలియవు. మీకు ముందే చెప్పడం దేనికంటే, ఆ తర్వాత నేను చూపిన తెలివిని మీరు పూర్తిగా మెచ్చుకోవడానికి.

మా శిక్షణలో పోశ్చర్ అని ఒక పాఠం ఉండేది. మనిషి నిలబడే తీరు అన్నమాట. వెన్ను గూనిగా వంగితే దాన్ని కైఫోసిస్ అంటారు. ఇంత మంచి మాట నేర్చుకుని కూడా ఉద్యోగంలో ఒక్కసారీ వాడే అవకాశం రాలేదు. గంగులప్పను చూడగానే ప్రాణం లేచివచ్చింది. మదనపల్లె తీసుకుపోయి డాక్టరుకు చూపించాను. ఆయన వాణ్ణి బోర్లా పడుకోబెట్టి వెన్నుపూసలన్నీ తడిమి, "ఎముకలో ఏమీ లేదప్పా. ఉంటే తలకాయలో ఉండాల" అన్నారు.

తలకాయ సంగతి నా శిక్షణ పుస్తకంలో ఉంది. ఉన్నట్టుండి పొడుగైన పిల్లలు సిగ్గుతో ముడుచుకుపోతారు, వాళ్ళకు ధైర్యం నూరిపోయాలి అని ఒక అధ్యాయమే ఉంది. రోజూ సాయంత్రం గోడకు మడమలు, వీపు, తల ఆనించి వాణ్ణి నిలబెట్టాను. తలమీద పలక పెట్టి మైదానం చుట్టూ నడిపించాను.

"వంగుంటే ఎవురికి నష్టం సార్?" అన్నాడు ఒకరోజు.

"నీ వీపుకు."

"నా వీపు నాకేం సెప్పలేదు సార్."

కొంటె సమాధానాలు కూడా వయసు లక్షణమేనని పుస్తకంలో ఉంది కాబట్టి ఊరుకున్నాను.

నాలుగు నెలల్లో వాడు, నేను చెప్పినంతసేపూ నిటారుగా నిలబడసాగాడు. నా ఘనత నలుగురికీ తెలియాలి కదా. ఆ ఏడాది స్పోర్ట్స్ డేకి ఉత్తమ పోశ్చర్ బహుమతి అని ఒకటి కొత్తగా పెట్టించాను. పోటీలో ఎవరు గెలవాలో నాకు సందేహం లేదు. మునెప్పకు తప్పక రమ్మని కార్డు రాశాను.

"మా నాయన్ను పిలవద్దు సార్," అన్నాడు గంగులప్ప. గొంతు మధ్యలో విరిగింది.

"సిగ్గుపడకూడదురా."

"సిగ్గు గాదు సార్..." అని ఏదో చెప్పబోయాడు. అప్పటికే నేను ఈల ఊదేశాను.

బహుమతి ఒక ఇత్తడి గ్లాసు. అది అందుకుని వాడు తండ్రి దగ్గరికి పోతూ పోతూ మళ్ళీ వంగబోయాడు. నేను వెనకనుంచి వీపు మీద రెండు వేళ్ళు ఆనించాను. నిటారయ్యాడు. మునెప్ప గ్లాసు వంక చూడలేదు. కొడుకు నడినెత్తిన అరచేయి ఆనించి, నేరుగా తన వైపుకు జరిపాడు. అది ఆయన చెవికి రెండు వేళ్ళు పైన తగిలింది.

"ఎప్పుడైనావురా ఇంత?" అన్నాడు. మునెప్ప నావైపు తిరిగి చేతులు జోడించాడు. "బాగ నిలబెట్టినారయ్యోరా. ఇన్ని దినాలూ సిన్నోడనుకుంటా ఉండాను."

మూడోరోజు నుంచి గంగులప్ప బడికి రాలేదు. వారం ఆగి, మేనత్తను అడిగితే షరతు సంగతి అప్పుడు చెప్పింది. ఆదివారం సదుం పోయి, అక్కణ్ణుంచి పల్లెకు నడిచాను. మునెప్ప మర్యాదగా నులకమంచం వాల్చాడు. ఇంకో రెండేళ్ళు చదివితే ఎస్సెస్సెల్సీ అవుతుందని, ఉద్యోగం వస్తుందని చెప్పాను.

"రెండేండ్లు వాన కూడా ఆగతాదా అయ్యోరా?" అన్నాడు. "నేను మాట తప్పింది యాడ? సెవి దాకా అన్నాను. దాటినాడు."

నిజమే, ఆయన మాట తప్పలేదు. దూరంగా చేలో గంగులప్ప మడక తోలుతున్నాడు. నన్ను చూసి ఒకసారి ఎద్దుల్ని ఆపి, మళ్ళీ అదిలించాడు.

నా పుస్తకం ఆ అధ్యాయంలో చెప్పినవేవీ అబద్ధాలు కావు. వాళ్ళ అమ్మ నాగమ్మ చెప్పిన మాట మాత్రం అందులో లేదు. ఆమె మజ్జిగ చెంబు నా ముందు పెట్టి, లోపలికి పోతూ వాకిట్లో ఆగింది.

"వాణ్ణి వంగి నడవమనింది నేను అయ్యోరా. యాల వంగతాండావురా అని మీరు ఒక్కనాడన్నా అడిగినారా?"