నేను అర్థం చెప్పిన శ్లోకం

ఈమధ్య మా ఆఫీసు లిఫ్టులో ఒక తెర పెట్టారు, పొద్దుటిపూట అందులో రోజుకో మంచిమాట వస్తుంది. నిన్న వచ్చింది, ఇంటి కోసం ఒక్కరిని, ఊరి కోసం ఇంటిని, దేశం కోసం ఊరిని వదులుకోవాలని చెప్పే పాత సంస్కృత శ్లోకం. పక్కనున్నవాళ్ళు బాగుందన్నట్టు తలలూపుతుంటే నాకు ముఖం వేడెక్కి, నా అంతస్తు రాకముందే దిగి మెట్లెక్కి వెళ్ళాను.

ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకున్న మన తరంవాళ్ళలో చాలామందికి అది పరీక్షతోనే వదిలిపోయింది కానీ, ఎవరితోనూ గట్టిగా మాట్లాడలేక పుస్తకాల్లో తలదాచుకునే నాకు కాస్త నిలిచింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కొండాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండేదాన్ని. గదికి నలుగురం, ఒకే అద్దం, ఒకరి చున్నీ ఇంకొకరి భుజాన. మాలో పెద్దదైన అక్క సిద్దిపేట వైపు నుంచి వచ్చింది, నేను ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే అన్నం తీసిపెట్టి పైన పళ్ళెం బోర్లించి ఉంచేది.

ఆ వేసవి మొదట్లో అక్కకు చికెన్‌పాక్స్, అదే, అమ్మవారు పోసింది. ఇంటికి వెళదామంటే అక్కడ వదిన నిండు చూలాలు. ఏదో ఒక మూల పడుకుంటానని అక్క హాస్టల్ ఆంటీని బతిమాలింది. సంగతి తేల్చడానికి ఆంటీ మమ్మల్నందరినీ వసారాలో కూర్చోబెడితే, పడకకుర్చీలో ఉన్న ఆమె మామగారు, రిటైరైన మాస్టారు, ఈ శ్లోకం చదివారు. ఎవరికీ అర్థం కాలేదు. నేను చెప్పాను.

అంతమంది నావైపు చూడడం అదే మొదటిసారి. ఇంటి కోసం ఒక్కరిని వదలడం ధర్మమేనని, ఊరితో, దేశంతో సహా వివరించాను, అప్పటిదాకా అటూ ఇటూగా ఉన్నవాళ్ళ మనసులు కుదుటపడ్డాయి. "చూశారా, పెద్దలు ఊరికే అనరండీ," అంది ఆంటీ. సాయంత్రానికి అక్క ముఖానికి చున్నీ చుట్టుకుని, బాలానగర్‌లో వాళ్ళ చిన్నాయన కిరాయికుండే ఒంటిగదికి ఆటోలో వెళ్ళిపోయింది. ఆ రోజు డైరీలో నేను, నా గొంతు వణకలేదని మాత్రం రాసుకున్నాను.

రెండు వారాలు దాటాక నాకు పోసింది. మిగిలిన ఇద్దరూ సామాన్లు సర్దుకుని వెళ్ళిపోయారు, అమ్మకు ఎప్పుడూ పొయ్యలేదు కనుక రావద్దని నేనే చెప్పాను. గది ఎలాగూ ఖాళీ అయింది కాబట్టి ఆంటీ ఈసారి శ్లోకం ఊసెత్తకుండా తలుపు మూసుకుని ఉండమంది. ఆ తలుపు తోసుకుని, ముఖం నిండా ఇంకా మాయని మచ్చలతో, చేతిలో వేపమండలతో అక్క వచ్చింది.

"ఏందే, గిట్ల ముసుగు దన్ని పన్నవ్? జర లెవ్వు. నాకిగ మల్ల రాదు, ఫికర్ జెయ్యకు."

పోపు లేని చల్లన్నం తినిపించి, వేపరెమ్మతో నా వీపు నిమురుతుంటే ఏడుపొచ్చింది, దురదకనుకుని నవ్వింది. తర్వాత మామూలుగానే అడిగింది.

"ఆనాడు మంచిగ జెప్పినవే, తలుపెనక నిలవడి ఇన్న. తాత నాలుగు ముక్కలు జదివిండు, నువ్వు మూడే జెప్పినవ్. ఆఖరుది ఏంది?"

మనిషి తన కోసమైతే భూమినంతటినీ వదిలెయ్యాలని ఉంది, అని చెప్పాను. అక్క వేపరెమ్మను పక్కన పెట్టింది.

"మరి గా వదిలేసే ఒక్కర్ని అడగాల్నని ఏడ లేదా అండ్ల?"

లేదన్నాను.

"రాసినాయనకు ఎన్నడు పొయ్యలేదేమో తియ్," అని మళ్ళీ వీపు నిమిరింది.

ఇప్పుడా హాస్టల్ చోట అద్దాల మేడ ఉంది. అక్క పెళ్ళయి వెళ్ళిపోయింది, అప్పుడప్పుడు ఫోన్ చేస్తే, చెప్పాలనుకున్నది మొదలుపెట్టేలోపే వాళ్ళ పాప కబుర్లతో మాటలు అయిపోతాయి. నేను అదే కొండాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో ఒక్కదాన్నే ఉంటున్నాను. మొన్న వానాకాలం జ్వరమొస్తే, డెలివరీ కుర్రాళ్ళు భోజనం సంచీ గొళ్ళానికి తగిలించి గంట కొట్టి వెళ్ళిపోయేవారు. పొమ్మనేవాళ్ళు లేరు, తలుపు తోసుకుని వచ్చేవాళ్ళూ లేరు.

నిన్న లిఫ్టులో శ్లోకం నాలుగు పాదాలూ ఉన్నాయి. కింద ఇంగ్లీషులో ఇచ్చిన అర్థం మాత్రం మూడో పాదం దగ్గరే ఆగిపోయింది. నాలాంటివాళ్ళెవరో రాసి ఉంటారు.