ఎవరికీ అమ్మమ్మ లేని భాష

నేను గ్రీకు చదువుతున్న సంగతి మా బంధువుల్లో ముందుగా తెలిసింది మా ఆయన అన్నకు. ఆయన సౌదీలోని దమ్మాంలో టైర్ల దుకాణం నడుపుతారు. ఒక శుక్రవారం అల్ ఖోబర్‌లోని మా ఫ్లాటుకు భోజనానికొచ్చి, సోఫా మీద తెరిచి ఉన్న పుస్తకం చూసి రష్యన్ అనుకున్నారు.

"ఏం చదువుతాండావమ్మా?"

"గ్రీకు బావా. పాతకాలం గ్రీకు. దాంతోపాటు లాటిన్."

"అవి ఎవురు మాట్లాడ్తారు?"

"ఇప్పుడెవురూ మాట్లాడరు."

"చచ్చిపోయినోళ్ళతో నీకేం పనమ్మా?"

"బతికుండేవాళ్ళు నన్ను మాట్లాడనిస్తే కదా బావా!"

బావ పగలబడి నవ్వారు. మా ఆయన నవ్వలేదు. నేను నవ్వించడానికి ఆ మాట అనలేదని ఆయనకు తెలుసు.

మాది నంద్యాల వైపు పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలం. ఇక్కడ దావతుల్లో హైదరాబాదు ఆడవాళ్ళు నా ఉర్దూ విని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. "ముసల్మానువై ఉండి ఉర్దూ రాదా?" అని ఒకావిడ బిర్యానీ వడ్డిస్తూనే అడిగింది. నేను ఇండియన్ స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. స్టాఫ్ రూములో నా ఇంగ్లీషుకు "తెలుగు ఇంగ్లీష్" అని పేరు పెట్టారు. దుకాణంలో నా అరబీ సగం మాటలు, సగం చేతులు. పోనీ తెలుగైనా నాదేనా అంటే, కోస్తా వాళ్ళు "మీ యాస భలే ముద్దొస్తుందండీ" అంటారు. నలభై ఏళ్ళదాన్ని, నా యాస ముద్దు రావడమేమిటి?

నా గ్రీకు చదువు మొదలైంది క్లాసులోనే. "మిస్, ఒకటైతే కాక్టస్, రెండైతే కాక్టై ఎందుకు?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. నాకు తెలియదు. వెతికితే లాటిన్ విభక్తుల పట్టిక ఒకటి కనిపించింది. ప్రథమా, ద్వితీయా, చతుర్థీ, షష్ఠీ... చిన్నప్పుడు బడిలో "డు ము వు లు" అని గొంతెత్తి వల్లించినవన్నీ వేరే వేషం వేసుకొచ్చి ఎదురుగా నిలబడ్డట్టనిపించింది. నాకు లెక్కలు రాకపోయినా, విభక్తులు మాత్రం పంతులుగారు అడగకముందే చెప్పేదాన్ని. ఆ రోజు వంట ఆలస్యమైంది.

ఆన్‌లైన్‌లో లాటిన్ నేర్చుకున్నాను, తర్వాత గ్రీకు. చివరికి ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో దూరవిద్య ఎం.ఏ.లో చేరాను. మొదటి క్లాసులో తలా ఒక వాక్యం పైకి చదివాం. ఇంగ్లండు వాళ్ళు ఒకలా పలికారు, ఇటలీ ఆవిడ ఇంకోలా పలికింది. నా వంతు వచ్చింది. ఎలాగో చదివాను. ఎవరూ నవ్వలేదు. "అసలు ఎలా పలికేవారో మనలో ఎవరికీ ఖాయంగా తెలియదు" అన్నారు టీచరు. ఆ మాటతో నాకు కడుపు నిండిపోయింది. ఆ భాషలో ఎవరికీ అమ్మమ్మ లేదు. మా ఇంట్లో ఇలా అనరే అని చెప్పేవాళ్ళు లేరు. అందరం అక్కడ పరాయివాళ్ళమే.

ఇక "ఎందుకు" అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. స్కూల్లో ప్రమోషన్ వస్తుందా? రాదు. పిల్లలకు పనికొస్తుందా? రాదు. మా మేలు కోరే పక్కింటావిడ ఒక సాకు కూడా వెతికి ఇచ్చింది. "గ్రీకు పుస్తకాల్ని అరబ్బులే కాపాడారంట కదా, అందుకని చదువుతున్నానని చెప్పండి, గౌరవంగా ఉంటుంది." నేను ఆ సాకు పుచ్చుకోలేదు. నాకు ఇష్టమై చదువుతున్నాను. మగవాళ్ళు క్రికెట్ చూడటానికి ఎవరికైనా కారణం చెబుతున్నారా?

సిద్ధాంత వ్యాసం రాయాల్సిన ఏడు వచ్చింది. ఆ చలికాలం ఖోబర్‌లో పెద్ద వాన పడింది. మా ఆయన ధహ్రాన్‌లో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. డ్యూటీ దిగి స్కూలుకొచ్చి నన్ను కారెక్కించుకున్నాడు. అండర్‌పాస్ దగ్గర కార్లన్నీ ఆగిపోయి ఉన్నాయి.

"వాన పడి రోడ్డు మునిగిపోయిండాది. సుట్టు తిరిగి పోవాల్సిందే" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. "మళ్ళీ చెప్పు."

"సుట్టు తిరిగి పోవాలంటి."

"అది కాదు. పడింది వాన, మునిగింది రోడ్డు. కర్తలు రెండు. 'పడి' అని ఎట్లంటివి? సరే, 'నేను అన్నం తిని ఫోన్ మోగింది' అంటావా?"

"అట్లెవురంటారే? అన్నం తినింది ఫోనా?"

"మరి వాన?"

"వాన పడితే రోడ్డు మునుగుతాది. నువ్వు తింటే ఫోన్ మోగుతాదా?" అని గేరు మార్చాడు.

గ్రీకు వాక్యం ఈ 'పడి' లాంటి అసమాపక క్రియల మీదే నడుస్తుంది. లేచి, చెప్పులేసుకుని, తలుపు తీసి, అంటూ పోయి చివరికెక్కడో ఒక సమాపక క్రియ మీద దిగుతుంది. మధ్యలో కర్త మారితే ఆ ముక్కను షష్ఠీ విభక్తిలో పెట్టి పక్కకు నిలబెడతారు. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని "అప్పుడు", "అందువల్ల" అని విరగ్గొట్టి తర్జుమా చేస్తారు. ఒకటి ఇంకోదానికి కారణమైతేనే తెలుగు కర్తను మారనిస్తుంది కాబట్టి, ఎక్కడ విరవాలో, ఎక్కడ విరవకూడదో తెలుగు చెవికి వేరేగా వినిపిస్తుంది. ఇంటికి చేరేలోగా నా విషయం నాకు దొరికింది.

గైడు ఒక పెద్దాయన. కంప్యూటర్ తెర మీద మర్యాదగా నవ్వుతూ, "మీది అరుదైన స్థానం" అని మొదలుపెట్టారు. "భారతదేశం గురించి గ్రీకులు రాసినవాటి మీద రాయండి. లేదా గ్రీకు గ్రంథాలు అరబీలోకి వెళ్ళిన తీరు మీద. మీరు ఉండేది సౌదీలోనే కదా."

"నేను ఇక్కడుండేది మా ఆయన ఇఖామా, అంటే నివాస అనుమతి మీదండీ. ఆ గ్రంథాలు చదివేంత అరబీ నాకు రాదు. గ్రీకు అసమాపక క్రియల మీద రాస్తాను."

"వాటి మీద శతాబ్దాలుగా రాస్తున్నారు. కొత్తగా చెప్పడానికి ఏముంది?"

"రాసినవాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు ఎందరున్నారు?"

ఎక్కువ మాట్లాడానేమో అనిపించింది. అయినా వెనక్కి తీసుకోలేదు. వాన వాక్యం చెప్పాను, ఫోన్ వాక్యం చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి, ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పించుకున్నారు. చివరికి, "కొన్ని పేజీలు రాసి పంపండి" అన్నారు. పంపాను. ఒప్పుకున్నారు.

సెమినార్‌లో అది చదివినప్పుడు ఒక అబ్బాయి అడ్డుపడ్డాడు. ఇంగ్లండులో చిన్నప్పటి నుంచీ పేరున్న బడిలో గ్రీకు నేర్చుకున్నవాడు. "మీరు గ్రీకును మీ భాష కళ్ళద్దాల్లోంచి చూస్తున్నారేమో" అన్నాడు.

"చూస్తున్నాను. నా కళ్ళద్దాలు నాకు కనిపిస్తున్నాయి. నీ ఇంగ్లీషు కళ్ళద్దాలు నీకు కనిపిస్తున్నాయా?" అన్నాను, నా తెలుగు ఇంగ్లీషులోనే. ఇటలీ ఆవిడ మైకు తెరిచి చప్పట్లు కొట్టింది. ఆ అబ్బాయి ఎర్రబడినా, తర్వాత వాన వాక్యం గురించి నాకు పొడుగాటి మెయిల్ రాశాడు. ఇప్పటికీ రాస్తుంటాడు.

పరీక్షకుల్లో ఒకరు వ్యాసాన్ని బాగా మెచ్చుకున్నారు. ఇంకొకరు తెలుగు ఉదాహరణలు అనవసరమన్నారు. డిస్టింక్షన్ రాలేదు, డిగ్రీ వచ్చింది. ఆ సాయంత్రం పిల్లల్ని తీసుకుని సముద్రం ఒడ్డున కార్నిష్‌కు వెళ్ళాం. మా ఆయన అందరికీ ఐస్‌క్రీమ్ కొనిచ్చి, "ఇంగేం చదువుతావ్?" అని అడిగాడు. "ఎందుకు చదివావ్" అని అడగకుండా ఆ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆయనే.

ఇదే విషయం మీద పీహెచ్‌డీకి ప్రతిపాదన రాసి పంపాను. ఒకచోట కాదన్నారు. ఇంకోచోట, తెలుగు భాగం తీసేసి మళ్ళీ పంపితే చూస్తామన్నారు. తీసేస్తే మిగిలేది అందరూ రాసేదే. అందుకని తీయలేదు. ఆ భాగాన్ని ఇంకా పెంచాను. మా ఊరి మాటలు కూడా చేర్చి మూడోచోటికి పంపాను. జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోగా చదవడానికి చాలానే ఉంది.