రోల్ నంబర్ల వరుసలో దిగులు

పిల్లల మనసులోని బాధ ఎట్లా వినాలో నేర్పిస్తామని లెక్చరర్లమైన మమ్మల్ని పెనుకొండకు రెండు రోజుల శిక్షణకు పంపారు. సలహాలివ్వొద్దు, మధ్యలో మాట్లాడొద్దు, ఊరికే వినండి అన్నది మొదటి పాఠం. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్పిన నోరు నాది, ఊరుకుంటుందా? నాతో జతగా కూర్చున్న ధర్మవరం లెక్చరరు తన కష్టమేదో మొదలుపెట్టి ఊపిరి పీల్చుకునేలోపే మూడు సలహాలిచ్చేశాను. ఆయన వాచీ చూసుకుని నవ్వాడు. అయినా సర్టిఫికెట్ ఇచ్చారు. దాన్ని పట్టుకుని ఫొటో కూడా దిగాను.

హిందూపురంలో మా కాలేజీకి తిరిగొచ్చి, పిల్లలు బాధలు చెప్పుకుంటారని గది తలుపు తెరిచి కూర్చుంటే వారమైనా ఒక్కరూ రాలేదు. పైకి రిపోర్టు పంపాలి. అప్పుడు నా బుర్రకు గొప్ప ఆలోచన తట్టింది. స్కాలర్‌షిప్ ఫారాలకు పిలిచినట్టే రోల్ నంబర్ల వరుసలో పిల్లల్ని పిలిపించాను. రిజిస్టర్లో గళ్లు గీశాను: నంబరు, సమస్య, సంతకం. ఒక్క పూటలో నలభై మంది మనసులు చూసేశాను, అంత ఘనుణ్ణి.

రొళ్ల నుంచి వచ్చే రెండో సంవత్సరం అమ్మాయి తన వంతు రాగానే పెన్ను అందుకుంది. వెనక వరుసను ఓసారి చూసి, తలనొప్పి అని రాసింది. నీళ్లు బాగా తాగమని చెప్పి తర్వాతి నంబరును పిలిచాను.

ఆ తర్వాత పది రోజులు ఆ అమ్మాయి క్లాసుకు రాలేదు. వచ్చిన రోజు టీసీ కోసం అర్జీ పట్టుకుని వచ్చింది. చదువు మానేస్తుందట. నాకు భయం వేసింది. ఏమైనా ఉంటే ఆ రోజే ఎందుకు చెప్పలేదని అడిగాను, అదీ గద్దింపుగానే.

"చెప్దామనే వచ్చినా సార్. ఎనకాల అంతమంది నిలబడుకోనుంటే యాడ చెప్పేది?"

సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. కూర్చోమన్నాను. వాళ్లమ్మ చనిపోయి మూడు నెలలైందట. ఇంట్లో ఎవరూ ఆమె మాట ఎత్తరు. ఎత్తితే నాయన ఏడుస్తాడని ఈ పిల్లా ఎత్తదు. పుస్తకం తెరిస్తే అక్షరాలు అలుక్కుపోతున్నాయంది. ధైర్యం చెప్పే మాటలు పది నా నాలుక చివరిదాకా వచ్చాయి. ఎట్లాగో మింగేసి, మీ అమ్మ ఎట్లా ఉండేదని మాత్రం అడిగాను.

గొర్రెలను పేరు పేరునా తిట్టేదట. ఫోన్లో కూతురికి చేయబోయి ప్రతిసారీ తన తమ్ముడికే చేసేదట. ఏడుస్తూ, మధ్యలో నవ్వుతూ ఆ పిల్ల చెబుతూనే ఉంది. నా క్లాసు గంట మోగినా నేను లేవలేదు. చివరికి అర్జీని మడిచి సంచిలో పెట్టుకుని, గుమ్మం దగ్గర ఆగింది.

"రేపొస్తే ఇంగా అడుగుతారా సార్, మాయమ్మ గురించి?"